జానకి పాట మీద నాకు లేని హక్కు

సూర్యాపేట జిల్లా అనంతగిరి మండలం ఊటబావి తండా వాస్తవ్యుడను, బాణోత్ ఫూల్‌సింగ్ కుమారుడను, ఇరవై ఆరేళ్ల వయసు గలవాడను, కోదాడలో జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం నడుపుకొనువాడను అయిన బాణోత్ కిరణ్ అను నేను, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, మత్తు పదార్థమేదీ ముట్టకుండా, నా ఇష్టప్రకారం రాసుకున్న వీలునామా.

ఇక్కడ "స్థిరచిత్తంతో" అనే మాట పడాలట. రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట రేకుల షెడ్డులో కూర్చునే దస్తావేజుల లేఖరి మట్టయ్య గారు చెప్పారు. నాకు ఒంట్లో తెలివి ఉంది, స్థిరచిత్తం లేదు. మూడు నెలలుగా ఒకే ఒక్క విషయంలో పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట అనుకుంటున్నాను; రెండూ సరైనవే అనిపిస్తున్నాయి. లేనిదాన్ని ఉన్నదని రాసి మొదటి వాక్యంలోనే అబద్ధమాడలేనని అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ, "తికమక ఉన్నవాడు వీలునామా రాయకూడదని ఏ చట్టంలోనూ లేదయ్యా. పిచ్చి ఉన్నవాడు రాయకూడదు. నీకున్నది తికమకా, పిచ్చా? జర తొందరగా తేల్చు, అవతల ఇద్దరు కూర్చున్నారు" అన్నారు. తికమకే అని తేల్చుకున్నాను. కాబట్టి తికమకతోనే, అయితే ఏం రాస్తున్నానో తెలిసే, రాస్తున్నాను.

ఎందుకు ఇప్పుడే అంటే, ఈ నెల ఇరవైన గురువారం హైదరాబాదులో నా గుండె వాల్వు మారుస్తారు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం లోపల ఆ పని చేసి పోయిందట. నూటికి తొంభై ఐదు మంది లేచి నడుస్తారని డాక్టరు అన్నాడు. ఆ తొంభై ఐదు సంగతి ఇంట్లో చెప్పాను. మిగతా ఐదు కోసం ఈ కాగితం.

నాకు భూమి లేదు, ఇల్లు లేదు. ఉన్నవాటిలో చాలావరకు తీగలూ డబ్బాలూ. ఈ వీలునామా నిజానికి ఒక్క పాట కోసం. మా అక్క జానకి తన పెళ్లిలో ఏడుస్తూ పాడిన పాటను నేను ఇంటర్నెట్‌లో పెట్టాను. ఇప్పుడది ఊరూరా మోగుతోంది. దాన్ని తీసేయమని ఆమె అడుగుతోంది. ఉంచాలా, తీయాలా, అసలు ఆ రెంటిలో ఏదైనా చేసే హక్కు ఎవరిది అన్నది నేను పోయాక కూడా మిగిలి ఉంటుంది. అందుకే రాస్తున్నాను. ముందు చిన్నవి.

1. నా తల్లికి (మేము యాడి అంటాము): నా ఫోను. ముప్పై ఏళ్లు మిరపతోటల్లో, వరినాట్లలో యాడి వేళ్లు అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో ఆమె వేలు పెడితే మిషన్ ఎర్రలైటు వేసి కూస్తుంది. తుడిచి పెట్టు, నూనె రాసి పెట్టు, ఎడమచెయ్యి పెట్టు అంటాడు డీలరు. పోయిన ఎండాకాలం నాలుగుసార్లు తిరిగివచ్చి, గడపలో సంచి పడేసి, "నేను నేను గాదట బిడ్డా. మరి నేనెవరో గా డబ్బాకే ఎరుక" అంది. నేను కోపంతో తొమ్మిది ఫిర్యాదులు పెట్టాను. తొమ్మిదింటికీ "పరిష్కరించబడినది" అని సందేశం వచ్చింది. యాడికి మాత్రం బియ్యం రాలేదు. ఆ ఫోనుకున్న తాళం తీసేశాను. వేలు అడగదు, అంకెలు అడగదు, ముఖం చూపమనదు. ముట్టుకుంటే తెరుచుకుంటుంది. లోకంలో ఒక్క యంత్రమైనా ఆమెను నువ్వెవరని అడగకుండా ఉండాలి.

2. నా తండ్రి ఫూల్‌సింగ్‌కు: నా కరపత్రాల కట్ట. మొత్తం అరవై ఒకటి. పదో తరగతి అయిన ఏడు సూర్యాపేట బస్టాండులో ఎవరో నా చేతిలో నాలుగు పేజీల కాగితం పెట్టి పోయారు. తెలిసినదాన్ని తాళం వేసి పెట్టుకోవడం కంటే పెద్ద దొంగతనం లేదని అందులో ఉంది. బస్సు పోయింది, నేను అక్కడే నిలబడి చదివాను. నేను కాలేజీలో నేర్చుకున్నది తక్కువ, అట్లాంటి కాగితాల్లో నేర్చుకున్నది ఎక్కువ. అవి ఒకదానికొకటి పొసగవని ఈ మధ్యే తెలిసింది. ఒకదానిలో జ్ఞానమంతా అందరిదీ అని ఉంటే, ఇంకోదానిలో నీ సమాచారం నీది, నిన్నడగకుండా ఎవరూ తీసుకోకూడదు అని ఉంది. రెండింటి కిందా నేను ఎర్రపెన్నుతో గీత గీశాను. బాపు వాటితో బీడీ వెలిగించుకుంటాడని నాకు తెలుసు. వెలిగించుకో బాపూ. వెలిగించే ముందు ఒక్కటి, ఏదైనా ఒక్కటి, చదువు.

3. ఊటబావి తండాకు: మా ఇంటి మీది వైఫై డబ్బా, దాని తీగ, యాంటెన్నా. దీనికి ఏనాడూ పాస్‌వర్డ్ పెట్టరాదు. ఇది షరతు. తండాలో ఎవరైనా, తండాకు వచ్చిన గొర్రెలకాపరైనా, వచ్చి గోడ పక్కన నిలబడి వాడుకోవచ్చు. అయితే ఒక్క మినహాయింపు. మా కిష్ట్యా మామ పెళ్లిళ్ల సీజనులో మూడు రోజులు వరుసగా సినిమాలు దించుకుని, ఇరవై మంది విద్యార్థుల హాల్‌టికెట్లు ఆగిపోయేలా చేశాడు. అందరికీ తెరిచిన తలుపులో ఒక్కడే అడ్డంగా పడుకుంటే ఏం చేయాలో నా కరపత్రాల్లో ఎక్కడా లేదు. ఏం చేయాలో తండా పెద్దలే తేల్చుకోవాలి. తాళం మాత్రం వద్దు.

4. సూర్యాపేటలో నేను చదువుకున్న రీడింగ్ రూము యజమాని యాదయ్యకు: నా దగ్గరున్న అద్దాల బీరువా మారు తాళంచెవి. అది ఎట్లా వచ్చిందని అడగవద్దు. మూడేళ్లపాటు అందులోని చట్టాల పుస్తకాల పేర్లను చూపుడు వేలితో అద్దం మీద నుంచి చదివాను. తాళం తీయమంటే, "పుస్తకాలు నలుగుతయిరా" అనేవాడు. ఆ తాళంచెవి దొరికాక ప్రతి పుస్తకమూ తీసి, చదివి, ఉన్నచోటే పెట్టాను. ఒక్కటీ నలగలేదు. ఇది ఆయనకు తెలియాలి.

5. గరిడేపల్లి సుక్కమ్మకు: ఆమె నాటు పాటల రికార్డులు ఇరవై మూడు, ఒక పెన్‌డ్రైవులో, పెద్ద స్పీకరుతో సహా. ఇంటర్నెట్‌లో నాకొక చానెల్ ఉంది, దాని పేరు "తండా నోరు". ఊళ్లు తిరిగి ముసలివాళ్ల పాటలూ, విత్తనాల సంగతులూ, మందాకుల పేర్లూ రికార్డు చేసి అందులో పెట్టేవాణ్ణి. సుక్కమ్మ మా తండా మనిషి కాదు, లంబాడీ కూడా కాదు, అయినా పాడింది. "అమ్మా, ఇది లోకమంతా వింటది, సరేనా" అని అడిగితే, "ఇననీ. నేను సచ్చినంక ఎట్లాగు పాడలేను గద. గని ఫోటో పెద్దగ పెట్టు, పోయినసారి నా మొఖం కందిగింజంత పెట్టినవు" అంది. ఆమె ఒక్కర్తినే నేను అడిగాను. అడగడం కూడా గొప్ప ఆలోచన పుట్టి కాదు. ఆమె మా మనిషి కాదు కనుక అడిగాను. మా వాళ్లను అడగాలని తోచనే లేదు. సొంతవాళ్ల నోట్లోది సొంత వస్తువే అనుకున్నాను.

6. ఇక జానకి పాట.

తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. మా తండాల్లో పెళ్లయి వెళ్లే ఆడపిల్ల ఒక్కొక్కరి మెడ చుట్టూ చేతులు వేసి, ఏడుస్తూ, ఆ మనిషికి చెప్పాలనుకున్నది పాటగా చెబుతుంది. దాన్ని ఢావ్లో అంటాము. వరుస పాతదే, మాటలు మాత్రం ఏ పిల్ల మాటలు ఆ పిల్లవే. తల్లిని నిలదీయవచ్చు, అన్నను తిట్టవచ్చు, అత్తింటివాళ్లను ఎగతాళి చేయవచ్చు. దీనికో కట్టుబాటు ఉంది. ఆ ఏడుపులో అన్న మాటను మర్నాడు ఎవరూ ఎత్తరు. గుడారం బయట నిలబడ్డ పెళ్లికొడుకు వాళ్లు విన్నా విననట్టే. అక్కడికక్కడే పుట్టి అక్కడే ఆరిపోవాలి.

రెండేళ్ల కింద ఫిబ్రవరిలో అక్క పెళ్లి. గుడారం గుడ్డ వెనక నిలబడి నేను పదకొండు నిమిషాలు రికార్డు చేశాను. ఢావ్లో నేర్పే ముసలివాళ్లు మా తండాలో ఇద్దరే మిగిలారు. వాళ్లు పోతే ఇది పోతుందని నా ఆరాటం. అక్క నన్ను చూసింది. ఏమీ అనలేదు. అందులో మొదటి నాలుగు నిమిషాలు, యాడి మెడ పట్టుకుని పాడినవి, చానెల్‌లో పెట్టాను. లంబాడీకి లిపి లేదు కనుక తెలుగు అక్షరాల్లో రాసి, కింద తెలుగు అర్థం కూడా ఇచ్చాను:

"వచ్చినవాడి మొఖం నేను చూడలేదు యాడీ, తల వంచి కాళ్లు చూశాను,
ఎండిన చెరువులా పగిలిన కాళ్లు యాడీ,
నీళ్లు లేని ఆ మడిలో నీ నారును ఎట్లా నాటుతున్నావే."

ఇంత గొప్ప మాట మా తండాలో పుట్టిందని లోకానికి తెలియాలనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను, అదే నా చిక్కు. వీడియో కింద నా నమ్మకం ప్రకారం రాశాను: "ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అడగనక్కర్లేదు. ఈ అనుమతి ఎన్నటికీ వెనక్కి తీసుకోబడదు." అది రాసిన రోజు నాకు రెండు అంగుళాల పొడవు పెరిగినట్టు అనిపించింది.

7. కోదాడ డీజే నరేష్‌కు: నేను తన్ని పగలగొట్టిన స్పీకరుకు బదులుగా నా దుకాణంలోని రెండు స్పీకర్లు. ఈ ఎండాకాలం పెళ్లిళ్లలో అతను అక్క పాటకు బీటు కలిపాడు. "పగిలిన కాళ్లు యాడీ" అన్నచోట ఏడుపును ముక్కచేసి, పన్నెండుసార్లు తిప్పి, కింద డప్పు వేశాడు. ఊరేగింపుల్లో తాగినవాళ్లు ఆ ముక్క వచ్చినప్పుడల్లా కాళ్లెత్తి చూపిస్తూ ఎగురుతున్నారు. నేను అతని దుకాణానికి వెళ్లి మాట్లాడకుండా స్పీకరును తన్నాను. బొటనవేలు వాచింది. నరేష్ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, వేలికి చల్లనీళ్లు పోసి, ఫోనులో నా రాతే నాకు చూపించాడు. "అన్నా, నువ్వే కదా రాశావు, ఎవరైనా వాడుకోవచ్చు, అడగక్కర్లేదని. అడక్కుండా వాడుకున్నా. కింద నీ పేరు కూడా వేశా, చూడు. కోదాడలో ఇంకెవడైనా వేస్తాడా?" నిజమే, వేశాడు. అక్షరం తప్పు కూడా లేదు. నేను కోరుకున్న లోకంలో నేను చెప్పినట్టు నడుచుకున్న మొదటి మనిషి నరేష్. అతని మీద ఇంకా కోపం పోలేదు. స్పీకర్లు తీసుకో.

8. పేరు రాయని ఒక మ్యూజిక్ కంపెనీకి: ఏమీ లేదు. పేరు రాస్తే దావా వేస్తారని, లా చదువుతున్న నా స్నేహితురాలు కావ్య ఆపింది. నరేష్ తన పాటను వాళ్ల ద్వారా నలుగురికీ చేర్చుకోవాలని ఏవో గళ్లలో టిక్కులు పెట్టాడు, చదవలేదు. అందులో ఒక గడి పాట మొత్తం హక్కులు మావే అని. వారం తిరక్కముందే నా వీడియో ఆగిపోయింది. "ఇందులోని శబ్దంపై హక్కులు వేరొకరివి" అని సందేశం. మా యాడి వేలును మిషన్ ముప్పైసార్లు చూసినా గుర్తుపట్టదు. మా అక్క ఏడుపును కంపెనీ మిషన్ మూడు సెకన్లలో గుర్తుపట్టి, ఇది మాది అంది.

ఆ రోజు నాకు పట్టిన ఆవేశంలో దుకాణం మూసి, పదహారు పేజీల కరపత్రం రాశాను. ఐదు వందలు కొట్టించి సూర్యాపేటలో, కోదాడలో బస్సు బస్సుకూ ఎక్కి పంచడం మొదలుపెట్టాను. ఆదివాసీ గొంతును కంపెనీ కాజేసిందనీ, వీడియో తిరిగి పెట్టేదాకా పోరాటమనీ రాశాను. మొదటి పేజీలో అక్క పాటలోని మూడు పంక్తులు పెద్ద అక్షరాల్లో వేశాను.

అప్పుడు అక్క ఫోను చేసింది. "తీసిండ్రా? మంచిగైంది. మిగతాయి గూడ తీపియ్యి" అంది.

ఎందుకని అడిగాను. ఆమె మెల్లగా చెప్పింది. బావ మహేష్ మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. తడిసిన ఊక, వేడి బూడిద. ఆ కాళ్లు పగలక ఏమవుతాయి. మిల్లులో హమాలీలు ఆ పాట పెట్టుకుని, నా తెలుగు అర్థం చదువుకుని, బావ వస్తుంటే కాళ్ల వంక చూస్తున్నారట. పెళ్లినాడు ఆయన కూడా గుడారం బయట నిలబడి ఆ మాట విన్నాడు. "ఆ దినం ఇన్న, నవ్వుకున్న. ఏడుపుల అందరు అంటరు. గిప్పుడు లోకమంత అంటున్నది" అన్నాడట అక్కతో. కొట్టలేదు, తిట్టలేదు. ఇంట్లో కూడా బూట్లు వేసుకుని ఉంటున్నాడు. అన్నం తినేటప్పుడు, పడుకునేటప్పుడు మేజోళ్లు. మూడు నెలలుగా ఆయన పాదం అక్క చూడలేదు.

"నువ్వు పట్టుకుంటుంటే సూసిన. నాకోసం పట్టుకుంటున్నవనుకున్న తమ్మీ. రేపు యాది చేసుకోనీకి ఇస్తవనుకున్న" అంది.

మిగిలిన మూడు వందల నలభై కరపత్రాలు దుకాణం అటక మీద ఉన్నాయి. నా కార్యనిర్వాహకురాలు వాటిని ముక్కలు చేయాలి. రాసిన కాగితాన్ని చింపమని రాయడం నా చేతికి ఇది మొదటిసారి.

ఆ కార్యనిర్వాహకురాలు కావ్య. సూర్యాపేట రీడింగ్ రూములో నా పక్క కుర్చీ, ఇప్పుడు లా మూడో సంవత్సరం. నేనన్న ఏ మాటకూ ఇంతవరకు అవునని అనలేదు, అందుకే ఎన్నుకున్నాను. కంపెనీ మీద ఫిర్యాదు పెట్టడానికి ఆమెను తీసుకెళ్లాను. ఫారంలో మొదటి ప్రశ్న, "ఈ పాటకు హక్కుదారు మీరేనా?" అవును అంటే, దేనికీ యజమాని లేడని నేనిన్నాళ్లూ అరిచింది అబద్ధం. కాదు అంటే ఫారం అక్కడే మూసుకుపోతుంది. పైగా, ఎన్నటికీ వెనక్కి తీసుకోనని అనుమతి ఇచ్చేశాను. పెన్ను పట్టుకుని అరగంట కూర్చున్నాను. కావ్య విసుక్కుని, "నువ్వు అవును అన్నా తప్పే, కాదు అన్నా తప్పే. పాడింది ఎవరు? మీ అక్క. అడిగినవా? అడగలె. మరి నువ్వెవరు అనుమతి ఇయ్యనీకి? మధ్యల ఫోన్ పట్టుకున్నోనివి. నువ్వు ఇచ్చిన అనుమతి చెల్లనే చెల్లది" అంది.

దారి అంత తేలికగా ఉంది. అక్క తన పేరుతో ఫిర్యాదు పెడితే నరేష్ పాటా పోతుంది, కంపెనీ హక్కూ పోతుంది. దానికి నేను ఒక్క కాగితం మీద సంతకం పెట్టాలి: ఆమెను అడగకుండా తీసుకున్నానని. ఐదు వారాలుగా పెట్టలేదు. కంపెనీని దొంగ అని ఐదు వందల కాగితాలు కొట్టించిన చేత్తో ఆ మాట నామీద నేను రాసుకోలేకపోయాను. ఇంకా ఒక పిరికి కారణం ఉంది, అదీ రాస్తాను. నేను సంతకం పెడితే పాట పోతుంది. ఢావ్లో నేర్పే ఇద్దరిలో ఒకామె పోయిన నెల కాలం చేసింది. పాట పోకూడదని నాకు ఉంది. అక్క ఇల్లు బాగుండాలనీ ఉంది. ఈ రెండింటినీ ఒకే తరాజులో పెట్టడం నాకు రావడం లేదు.

9. మా బావ మహేష్‌కు: ఆయనకు ఏం రాసినా ఆ కాళ్ల మీదికే పోతుంది, కనుక ఏమీ రాయకూడదనుకున్నాను. తరువాత హార్డ్‌డిస్కులో మిగిలిన ఏడు నిమిషాలు గుర్తుకొచ్చాయి. నేను చానెల్‌లో పెట్టని భాగం, అక్క తన స్నేహితురాలు పూజ మెడ పట్టుకుని పాడినది. అందులో ఆ కాళ్ల గురించే ఇంకో మాట ఉంది. అది వింటే బావ ఆ క్షణమే బూట్లు విప్పుతాడు. దాన్ని ఆయన ఫోనుకు పంపమని ఈ పేరాలో రాశాను. ఆ మాట ఏమిటో కూడా మూడు పంక్తులు రాశాను.

ఆ మూడు పంక్తులూ కొట్టేశాను. కొట్టివేత పక్కన నా సంతకం ఉంది. మంచి జరుగుతుందని ఆమెను అడగకుండా పంపడమే కదా నేను మొదటిసారి చేసింది. అప్పుడూ మంచే జరుగుతుందనుకున్నాను. కాబట్టి బావకు ఈ వీలునామా ద్వారా ఏమీ రాదు. క్షమాపణ వీలునామాలో రాసేది కాదు, మిర్యాలగూడ వెళ్లి చెప్పాను. ఆయన విని, టీ తాగించి, "ఆపరేషన్ల ఎన్ని గంటలు పడ్తదంట?" అని మాత్రం అడిగాడు.

10. పై పాటను నా అక్క జానకికి రాసిస్తూ మొదట ఒక పేరా తయారుచేశాను. "నా హక్కు భుక్తములో గల" అని మట్టయ్య గారు మొదలుపెట్టగానే ఆపమన్నాను. నా హక్కులో ఉంటే కదా ఇవ్వడం. ఆమెది ఆమెకు నేను దానం చేస్తే అది ఇంకో రకం కాజేయడం. కనుక ఈ పేరాలో దానం లేదు, పంపకం లేదు. కింది ప్రకటన మాత్రమే ఉంది. ఇది నేను బతికినా, పోయినా చెల్లుతుంది. దీని నకలును కావ్య ఎక్కడ కావాలంటే అక్కడ చూపించవచ్చు.

బాణోత్ కిరణ్ అను నేను, నా అక్క జానకి తన పెళ్లినాడు పాడిన ఢావ్లోను ఆమె అనుమతి అడగకుండా రికార్డు చేసి, అనుమతి అడగకుండా లోకానికి విడుదల చేశాను. ఎవరైనా వాడుకోవచ్చునని నేను రాసిన మాట నాకు లేని హక్కుతో రాసినది, కనుక చెల్లదు. ఆ పదకొండు నిమిషాలూ, వాటి తెలుగు అర్థమూ, హార్డ్‌డిస్కులోని అసలు ప్రతీ ఆమెవి. ఉంచడం, తీయడం, ఒకరికి వినిపించడం, ఎవరికీ వినిపించకపోవడం ఆమె ఇష్టం. నా అభిప్రాయం ఆమెకు తెలుసు. అది అభిప్రాయం మాత్రమే.

రాశాక హాయిగా ఉంటుందనుకున్నాను. లేదు. ఆమె అంతా తీసేస్తే నాకు ఏడుపు వస్తుంది. తీయకపోతే సిగ్గు వస్తుంది.

11. చానెల్‌లో సుక్కమ్మవి కాక నూట పద్దెనిమిది రికార్డులున్నాయి. పాడినవాళ్లలో తొంభై మంది దాకా బతికే ఉన్నారు. కావ్య, లేదా నేను లేచి వస్తే నేను, హాలియా దాకా ఒక్కొక్క తండాకూ పోయి, వాళ్లది వాళ్లకు వినిపించి, ఉంచాలా తీయాలా అని అడగాలి. పోయినవాళ్లవి వాళ్ల పిల్లలనడగాలా, తండానడగాలా, ఎవరినీ అడగకుండా ఉంచేయాలా అన్నది నాకు తెలియదు. తెలియదని రాయమన్నాను. వీలునామాలో ఆ మాట తానెన్నడూ రాయలేదని మట్టయ్య గారు అన్నారు. నేనే రాశాను.

12. సాక్షుల విషయం. వాటా పొందేవాళ్లు సాక్షి సంతకం పెట్టకపోవడం మంచిదని మట్టయ్య గారు చెప్పారు. నా అక్క జానకికి ఈ వీలునామా కింద నేను ఏమీ ఇవ్వడం లేదు. కనుక ఆమె సాక్షిగా సంతకం పెట్టవచ్చు. అందుకే ఆమెను మిర్యాలగూడ నుంచి పిలిపించాను. బస్సు దిగి నేరుగా వచ్చి, షెడ్డు కింద బల్ల మీద కూర్చుని, అన్నీ చదివింది. నేను చదివి వినిపిస్తానంటే, "ఆగు, నా కండ్లున్నయి" అంది.

ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. కొట్టివేతలు: తొమ్మిదో పేరాలో మూడు పంక్తులు. అదనంగా చేర్చినవి లేవు. అందరి ముందు, పగటివేళ, నా చేత్తో సంతకం పెట్టాను.

కోదాడ, 2025 నవంబరు 10, సోమవారం.

(సంతకం) బాణోత్ కిరణ్

కిరణ్ మా ఎదుట సంతకం పెట్టగా చూసిన సాక్షులు:

1. మట్టయ్య, దస్తావేజుల లేఖరి, కోదాడ.

2. జానకి, భర్త మహేష్, మిర్యాలగూడ. పదో పేరా రెండుసార్లు సదివి సంతకం పెట్టిన. ఉంచుడా తీసుడా నేను ఆలోచన చేసుకుంట. ముందుగాల ఆ ఏడు నిమిషాలు నాకు ఇనిపియ్యి, నేనేమన్ననో నాకే యాదికి లేదు. దీనికోసం నువ్వు సచ్చుడు అక్కర్లేదు.